తేనెటీగల దాడి వార్తల్లో కనిపించని మందు పేరు

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మన జిల్లా పేజీల్లో ఒకే తరహా వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చెరువు పూడిక తీస్తున్న ఉపాధి హామీ కూలీలపైనో, చితి పొగకు తేనెతుట్టె కదలడంతో అంత్యక్రియలకు వచ్చినవారిపైనో తేనెటీగలు దాడి చేశాయని, కొందరిని దవాఖానకు తరలించారని రాస్తారు. ఏ ఊరు, ఎంతమంది, ఏ దవాఖాన అన్న వివరాలన్నీ ఉంటాయి. కుట్టిన తర్వాత ఏ లక్షణాన్ని చూసి భయపడాలో, ఏ మందు ప్రాణం నిలబెడుతుందో మాత్రం ఉండదు. ప్రభుత్వ దవాఖానల్లో ఫార్మసిస్టుగా ఉద్యోగ జీవితం గడిపినవాడిగా ఆ లోటు గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పురుగు కుట్టిన చోట నొప్పి, వాపు, దురద రావడం విషానికి శరీరం చూపే మామూలు స్పందన. కొందరిలో ఆ వాపు రెండో రోజుకు ఇంకా పెరిగి, ముంజేతికి కుడితే మోచేయి దాకా పాకుతుంది; వారం, పది రోజులకు గాని పూర్తిగా తీయదు. చూడటానికి భయం కలిగించినా అది ఆ చోటికే పరిమితమైన అలర్జీ. చన్నీళ్లలో తడిపిన గుడ్డ వేయడం, చేతిని ఎత్తులో ఉంచడం, దురదకు సిట్రిజిన్ మాత్ర వేసుకోవడం చాలావరకు సరిపోతాయి. మొదటి రెండు రోజుల ఈ వాపును చీము పట్టడంగా పొరబడి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మన పల్లెల్లో అలవాటైపోయింది. నిజంగా చీము పడితే రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది, జ్వరం వస్తుంది, పుండు పచ్చిగా మారుతుంది. పసిపిల్లల కనురెప్ప మీద చీమ కుట్టినా కన్ను మూసుకుపోయేంత ఉబ్బుతుంది. అక్కడి చర్మం వదులుగా ఉండటమే కారణం. మిగతా ఒళ్లంతా బాగుండి, బిడ్డ హాయిగా ఊపిరి తీసుకుంటుంటే కంగారు పడనక్కరలేదు.

కంగారు పడవలసింది కుట్టిన చోటికి దూరంగా ఏదైనా కనిపించినప్పుడు. కాలికి కుడితే వీపు మీద దద్దుర్లు లేవడం, అరచేతులూ అరికాళ్లూ దురద పెట్టడం, పెదవులు, నాలుక ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, ఊపిరిలో పిల్లికూతలు రావడం, కడుపులో మెలిపెట్టి వాంతులు కావడం, కళ్లు తిరిగి కూలబడటం తీవ్ర అలర్జీ గుర్తులు. ఇవన్నీ కలిసి రావాలని లేదు. దద్దురు ఒక్కటీ లేకుండానే బీపీ పడిపోయి మనిషి సొమ్మసిల్లవచ్చు. పుస్తకాల్లోని బొమ్మలు తెల్లని చర్మం మీద ఎర్రని మచ్చలను చూపిస్తాయి గాని, మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనిపించదు. అందుకే చొక్కా విప్పి, వీపు మీద, పొట్ట మీద అరచేత్తో తడిమి చూడాలి. ఉబ్బెత్తు దద్దుర్లు చేతికి తగులుతాయి, ఒళ్లు వేడిగా ఉంటుంది. ఈ గుర్తులు చాలావరకు నిమిషాల్లోనే, సాధారణంగా గంటలోపే మొదలవుతాయి. విషమిస్తే 15 నిమిషాలు కూడా ఆగకపోవచ్చు.

అలాంటి వేళ ఇవ్వవలసిన మందు అడ్రినలిన్. మన దగ్గర మొదట అందేది మాత్రం ఫెనిరమైన్, డెక్సామెథాసోన్ సూదులు. ఈ రెండింటినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ మొదటిది దురదను, దద్దుర్లను తగ్గిస్తుందే తప్ప ఉబ్బిన గొంతును తెరవలేదు, పడిపోయిన బీపీని లేపలేదు. రెండోది పనిచేయడానికే గంటలు పడుతుంది. బిగిసిన ఊపిరి గొట్టాలను వదులు చేసి, సడలిన రక్తనాళాలను బిగించి, వాపును తగ్గించి, గుండెకు బలమిచ్చే పని అంతా ఒక్క అడ్రినలిన్‌దే. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు, ఖరీదు కూడా తక్కువే. అయినా అత్యవసర ట్రేలో ఆంప్యూల్ (మందు నింపిన చిన్న గాజు సీసా) ఉండగానే, “గుండెకు ఏమవుతుందో” అన్న భయంతో దాన్ని పగలగొట్టడానికి చేతులు రాని సందర్భాలను నేను చూశాను.

ఆ భయానికి మూలం ఒకటుంది. ఇదే మందును పలుచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే ప్రమాదమే. తొడ బయటివైపు మధ్యభాగంలో, కండలోకి, సరైన మోతాదులో ఇచ్చినప్పుడు మాత్రం కాసేపు వణుకు, గుండెదడ కలిగి తగ్గిపోతాయి. 1 మిల్లీలీటరు ఆంప్యూల్‌లో 1 మిల్లీగ్రాము మందు ఉంటుంది. పెద్దవారికి అందులో సగం, పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు. 5 నిమిషాల్లో గుణం కనిపించకపోతే మళ్లీ ఇవ్వాలి. ఈ లెక్క వైద్య సిబ్బంది కోసం రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ ప్రయోగం చేయవద్దు. ఆంప్యూల్ గోధుమరంగు గాజులో రావడానికి కారణం వెలుతురుకు ఆ మందు చెడిపోవడమే. మే నెల ఎండ పడే కిటికీ పక్కన ట్రే పెట్టే చోట్ల దాన్ని తరచూ వెలుతురుకు పట్టి చూసి, ద్రవం గులాబీ లేదా గోధుమ రంగుకు తిరిగితే పారేయాలి.

మందు అందేలోగా చేయవలసినది చాలామందికి తెలియదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద ఎత్తు పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వాలి, అంతేగాని లేపి నడిపించకూడదు. మన ఊళ్లలో కళ్లు తిరుగుతున్న మనిషిని బైకు మీద ఇద్దరి మధ్య నిటారుగా కూర్చోబెట్టి మండల కేంద్రానికి పరుగు తీస్తారు. బీపీ పడిపోతున్నప్పుడు అలా కూర్చోబెట్టడమే ప్రాణం తీయగలదు. 108 రావడం ఆలస్యమైతే ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లడం మేలు.

తేనెటీగ కుట్టినచోట నల్లని ముల్లు, దాని కొసన చిన్న తెల్లని సంచి మిగులుతాయి. ఈగ చచ్చినా ఆ సంచి కొట్టుకుంటూనే విషాన్ని లోపలికి నెడుతుంటుంది, కాబట్టి గోటితోనో, వేళ్లతోనో, ఎలా వీలైతే అలా వెంటనే తీసేయాలి. కానీ ముందుగా ఆ చోటు వదిలి వెళ్లాలి. కుట్టిన ముల్లు నుంచి వెలువడే వాసన మిగతా ఈగలను అక్కడికే రప్పిస్తుంది. తువ్వాలో, గొంగడో తలమీద కప్పుకొని ఇంట్లోకో, వాహనంలోకో వెళ్లాలి. చెరువులో మునగడం వల్ల లాభం లేదు, తల ఎత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి. కందిరీగ ముల్లును వదలదు, ఒక్కటే పలుమార్లు కుట్టగలదు. కుట్టినచోట సున్నం పూయడం, కిరోసిన్ రాయడం మానాలి. వాటితో చర్మం కాలి వేరే పుండు తయారవుతుంది. ఒంటినిండా కుట్టినవారికి అలర్జీ లేకపోయినా విషం మోతాదు వల్లనే కండరాలు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అలాంటివారు ఆ రోజుకు బాగానే కనిపించినా రక్తపరీక్షలు చేసే దవాఖానలో ఉండాలి; మూత్రం ముదురు రంగులో వచ్చినా, తగ్గినా డాక్టరుకు చెప్పాలి.

వానాకాలపు సమస్య వేరు. హాస్టళ్లలో రాత్రి ట్యూబులైటు చుట్టూ చేరే ఒక సన్నని పురుగు ఉంది. సెంటీమీటరు కూడా ఉండదు, ఒళ్లు నారింజ, నలుపు పట్టీలతో ఉంటుంది, తోకభాగాన్ని పైకెత్తి పరుగెత్తుతుంది. అది కుట్టదు, కరవదు. మెడమీద వాలినప్పుడు నిద్రలో చేత్తో నలిపితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. మర్నాటికో, ఆ మర్నాటికో గీత గీసినట్టు మంట, పొక్కులు తేలుతాయి. దీన్ని సర్పి అనుకొని వైరస్ మందులు వాడిస్తారు. పురుగును నలపకుండా ఊది దులిపి, తగిలినచోట వెంటనే సబ్బుతో కడిగితే చాలావరకు తప్పుతుంది. పొక్కులు లేస్తే డాక్టరు చెప్పిన స్టెరాయిడ్ క్రీము కొద్దిరోజులు సరిపోతుంది.

నా విన్నపాలు కొన్నే. తేనెటీగల దాడి వార్త వేసిన ప్రతిసారీ దాని పక్కనే తీవ్ర అలర్జీ గుర్తులు, 108 నంబరు, అడ్రినలిన్ పేరు ఉన్న చిన్న పెట్టె ప్రచురించండి. ములుగు, భూపాలపల్లి అడవుల్లో తునికాకు కోతకు వెళ్లేవారికి, తాటిచెట్లెక్కే గీత కార్మికులకు, చెరువు పనుల కూలీలకు సీజను మొదలుకాక ముందే ఈ గుర్తులను ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చెప్పేలా వైద్యారోగ్య శాఖ ఏర్పాటు చేయాలి. పల్లె దవాఖాన సిబ్బందికి తొడకు అడ్రినలిన్ ఇవ్వడంలో శిక్షణ, రాతపూర్వకమైన అనుమతి రెండూ ఉండాలి. పని మొదలుపెట్టే ముందు దగ్గరి మర్రి, రావి చెట్లను, నీళ్ల ట్యాంకులను కూలీల పని చూసే మేట్లు ఒకసారి తేరిపార చూడాలి. తీవ్ర అలర్జీ తగ్గినవారిని కొన్ని గంటలైనా దవాఖానలో ఉంచాలి, ఎందుకంటే లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉంది. ఇంటికి పంపేటప్పుడు చీటీలో ఏ పురుగు కుట్టింది, ఏమైంది, ఏ మందుకు కోలుకున్నారు అన్నది తెలుగులో రాసివ్వాలి. మళ్లీ కుడితే మళ్లీ అలాగే కావచ్చు, అప్పుడు చూసే డాక్టరుకు ఆ చీటీ అవసరమవుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
హనుమకొండ