మంత్రి గారూ, ఇంటికంటే ముందు జాగా కాగితం ఇవ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రెవెన్యూ, గృహనిర్మాణ శాఖల మంత్రి గారికి నమస్కారం.

ఈ రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టే ఈ లేఖ మీకు రాస్తున్నాను. బస్తీల్లో ఉండేవాళ్ల కష్టం సరిగ్గా ఈ రెండింటి మధ్యలోనే ఇరుక్కుంది. జాగా కాగితం చూపిస్తే ఇల్లు కట్టుకోవడానికి డబ్బులిస్తామని హౌసింగ్ వాళ్లంటారు. ఆ కాగితం ఇవ్వాల్సింది రెవెన్యూ వాళ్లు, అక్కడికి వెళ్తే ఫైలు పైన ఉందంటారు.

నేను హైదరాబాద్‌లో ఒక బస్తీలో పుట్టి పెరిగాను. మాది 42 గజాల ఇల్లు. అమ్మానాన్న పాలమూరు నుంచి కూలికి వచ్చి మొదట గుడిసె వేసుకున్నారు, తర్వాత రేకులు వేశారు, ఆ తర్వాత చిట్టీ ఎత్తినప్పుడల్లా ఒక్కో గోడ లేపుతూ వచ్చారు. స్లాబ్ పడేసరికి నేను ఇంటర్‌కి వచ్చాను. ఇంటి నంబరుంది, కరెంటు మీటరుంది, నల్లా ఉంది, ఏటా ఇంటి పన్ను కడుతున్నాం, ప్రతి ఎన్నికకీ ఓటు వేస్తున్నాం. లేనిది పట్టా ఒక్కటే. అది లేకపోవడం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వదు, నా చదువుకి నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఎక్కడైనా ఇళ్లు కూలగొడుతున్నారని టీవీలో వస్తే చాలు, ఆ రాత్రి అమ్మ టెన్షన్‌తో నిద్రపోదు.

ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామని 2014 డిసెంబరు 30న 58 జీవో వచ్చింది. ఆ రోజుల్లో మా గల్లీలో పండగలా ఉండేది. అందరితో పాటు అమ్మ కూడా దరఖాస్తు పెట్టింది. ఆ తర్వాత ఎన్ని పూటల పని పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగిందో లెక్కలేదు. కొలతలకి వస్తామన్నారు, రాలేదు. పనికిరాదని తిరస్కరించారా అంటే అదీ లేదు. తిరస్కరిస్తే కనీసం ఎందుకో తెలుస్తుంది కదా, ఇప్పటికీ అమ్మ ఆ రసీదుని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది.

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. 5 లక్షలు ఇవ్వడం మంచి పనే, ఊళ్లల్లో మా చుట్టాలు కట్టుకుంటున్నారు, చూసి సంతోషంగా ఉంది. కానీ మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకి. హైదరాబాద్ బస్తీల్లో సొంత జాగా అని కాగితం చూపించగలిగేవాళ్లు ఎంతమంది సార్? ముప్పై ఏళ్లుగా ఉంటున్న నేల కూడా మాది కానట్టే లెక్క.

డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఉన్నాయి కదా అంటారు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి, నేను వెళ్లి చూశాను. మా అమ్మతో కలిసి అపార్ట్‌మెంట్లలో పని చేసే ఒక పిన్నికి నగరం అంచున ఇలాంటి ఇల్లే వచ్చింది. పొద్దున ఆరింటికి మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలంటే ఆమె ఎన్నింటికి లేవాలి, ఎన్ని బస్సులు మారాలి? మూడు నెలలు తిరిగింది, నాలుగిళ్ల పనిలో రెండు పోయాయి. చివరికి ఆ ఇంటికి తాళం వేసి, మళ్లీ మా పక్క గల్లీలో ఒక్క గది కిరాయికి తీసుకుంది. ఇచ్చిన ఇల్లు వాడుకోవట్లేదని ఆమెలాంటివాళ్లని తప్పుపట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. కూలివాళ్లు అడ్డాకి, పనిమనుషులు కాలనీలకి, పిల్లలు బడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటేనే మాకు ఇల్లు ఇల్లవుతుంది.

ఉన్నచోటే కట్టడం మనకి చేతకానిదేం కాదు. బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో పాత క్వార్టర్లు పడగొట్టి అదే స్థలంలో 396 ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. అదే పద్ధతిని వందల బస్తీల్లో ఎందుకు చేయలేకపోయాం?

మూసీ సంగతి కూడా చెప్పాలి. నది ఒడ్డున ఉండటం ప్రమాదమే, నేను కాదనను. 2025 సెప్టెంబరులో వరద ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే వచ్చింది, ఇక పక్కనున్న గుడిసెల గతి ఏంటి. నిజంగా ముంపులో ఉన్నవాళ్లని తీసుకెళ్లాల్సిందే. కానీ 2024లో చాదర్‌ఘాట్ వైపు ఖాళీ చేయించాల్సినవని అధికారులు ఇళ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు, ముందు మాట్లాడి, ఎక్కడికి పంపుతారో చూపించి, ఆ తర్వాత రంగు డబ్బా పట్టుకుని రావాల్సింది. కొందరికి దగ్గర్లోనే మలక్‌పేటలో ఇళ్లిచ్చారు. అలాంటి దగ్గరి ఇల్లు చూపిస్తే సగం గొడవ ఉండదు.

ఒడిశా వాళ్లు 2017లో బస్తీవాసులకి భూమి హక్కు చట్టం తెచ్చారు. చిన్న పట్టణాల్లో మొదలుపెట్టి, డ్రోన్లతో కొలిచి, బస్తీ జనాన్నే పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు తేల్చి, భార్యాభర్తలిద్దరి పేరునా కాగితం ఇచ్చారు. అది పిల్లలకి వస్తుంది, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు. పట్టాలిస్తే అమ్ముకుపోతారు అనే భయానికి ఇందులోనే జవాబుంది.

నగరంలో పేదలకి భూమి లేదని మాత్రం దయచేసి అనకండి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేస్తే ఒక ఎకరం 100 కోట్లు దాటింది. ఆ ధరకి నా కూతురు కాదు కదా, నా మనవరాలు కూడా ఈ ఊళ్లో గజం కొనలేదు. అందుకే ఇప్పుడు నిలబడ్డ నేలని వదులుకోలేం. వేలంలో వచ్చే డబ్బులో కొంత భాగం బస్తీల్లోనే, ఉన్నచోటే ఇళ్లు కట్టడానికి పక్కన పెడతామని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

అంతకంటే ముందు ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. 58 జీవో కింద వచ్చిన దరఖాస్తుల్లో ఏది మంజూరైంది, ఏది ఆగింది, ఎందుకు ఆగిందో బస్తీ వారీగా రాయించి అక్కడి కమ్యూనిటీ హాలు గోడకి అంటించండి. అమ్మకి చదవడం రాదు, నేను చదివి చెప్తాను.

ఇట్లు,
హైదరాబాద్ బస్తీలో పుట్టిన ఒక కూతురు