బోను కాదు, గుట్ట దారికి టైము పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలైనప్పటి నుంచి మా అచ్చంపేట వాట్సాప్ గ్రూపుల్లో ఎలుగుబంటి వీడియోలే తిరుగుతున్నాయి. ఉమామహేశ్వరం గుడి ఉన్న గుట్టల కింద కనబడిందని ఒకరు, పల్లి చేను గట్టు మీద పోతుంటే చూశామని ఇంకొకరు. కింద అందరిదీ ఒకటే మాట: "బోను పెట్టి పట్టి, అడవిలో వదిలెయ్యండి." మరి ఇదేమిటి? 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఇల్లు కట్టుకుని, అడవి జంతువు కనబడిందని అడవికి పంపమంటున్నాం.

నేను రంగాపూర్ నుంచి కొండ మీదికి ఆటో నడుపుతాను. దర్శనానికి వచ్చే భక్తులతో ఎప్పుడూ ఇబ్బంది లేదు. వాళ్లు ఎండెక్కాక వస్తారు, పిల్లాజెల్లతో, మాటలతో వస్తారు. టెన్షన్ అంతా ఈమధ్య ట్రెక్కింగ్ అంటూ వచ్చే కుర్రాళ్లతోనే. ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తారు: "అన్నా, పొద్దుగాల నాలుగున్నరకు రా, సూర్యోదయం రీల్ తీయాలె." ఆరు దాటితేనే వస్తానంటే ఇంకో ఆటో చూసుకుంటారు. గిరాకీ పోతే పోనీ. ఇద్దరు ముగ్గురు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చీకట్లో, చప్పుడు లేకుండా పొదల పక్క నుంచి నడిచిపోతుంటే చూసే నాకే ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకో చెబుతాను. మన ఎలుగుబంటికి ప్రధాన ఆహారం చెదలు, చీమలు. మొన్న కాలిదారి పక్కనే ఒక పుట్ట చూశాను. సగానికి తవ్వి ఉంది. ఎర్రమట్టి అంతా వెనక్కి చిమ్మి ఉంది, గోడకు గడ్డపారతో గీసినట్టు గోళ్ల చారలు. పక్కనే పేడ, దాని నిండా రేగు గింజలు. అది పుట్టలో మూతి పెట్టి చెదల్ని బుస్సుబుస్సున పీలుస్తుంటే ఆ చప్పుడు మనకు చాలా దూరం వినిపిస్తుంది కానీ, మన అడుగుల చప్పుడు దానికి వినిపించదు. చూపు కూడా అంతంతమాత్రమే. మనం దగ్గరికి వెళ్లేదాకా తెలియదు, తెలిసేసరికి ఉలిక్కిపడి మీద పడుతుంది. అందులోనూ తల్లి అయితే పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిరుగుతుంటుంది, ఇక చెప్పేదేముంది! మనిషి దానికి తిండి కాదు, భయంతోనే కొడుతుంది. కానీ కొట్టేది ముఖం మీద, తల మీద.

పైగా ఇప్పుడు ఇప్పపూలు రాలే కాలం. పువ్వు రాత్రంతా రాలుతుంది. తెల్లవారుజామున ఎలుగు అక్కడికే వస్తుంది, ఏరుకునే మనిషీ అక్కడికే వస్తాడు. నాకు తెలిసిన చెంచు పెద్దాయన ఒకరు పువ్వుకు ఎప్పుడూ ఒంటరిగా పోడు, దారి పొడుగునా గట్టిగా మాట్లాడుతూ, కట్టెతో బండల్ని కొడుతూ పోతాడు. "మనం వస్తున్నట్టు గుడ్డెలుగుకు ముందుగాల ఎరుక కావాలె, అదే తప్పుకుంటది" అంటాడు. నల్లమల లోయలో శివుడికి జరిగే సలేశ్వరం జాతరకు "వస్తున్నం లింగమయ్యా" అని కేకలు వేస్తూ లోయలోకి దిగే జనానికి భక్తితో పాటు ఆ రక్షణ కూడా ఉంది.

ఇంకో తలనొప్పి ఫార్వర్డ్ వీడియోలు. అమెరికాలో నల్ల ఎలుగుబంటి ఎదురైతే చేతులు పైకెత్తి పెద్దగా కనబడాలని, మీద పడితే తిరగబడి కొట్టాలని చెప్పే వీడియోలను మనవాళ్లు ఇక్కడికీ వర్తింపజేస్తున్నారు. అక్కడి జంతువు వేరు, ఇక్కడిది వేరు. మన దాన్ని దూరంగా చూస్తే పరుగెత్తకుండా, దానికి దారి వదిలి మెల్లగా వెనక్కి రావాలి. పరుగులో దాన్ని గెలవలేం, చెట్టెక్కినా అదీ ఎక్కగలదు. మీద పడితే మాత్రం బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ, తల కప్పుకోవాలి. రాళ్లు రువ్వుతూ, ఫోన్లు పట్టుకుని వంద మంది వెంటపడటం అన్నిటికంటే ప్రమాదం. మనం చుట్టుముడితే ఆ జంతువు ఎటో ఒకవైపు మనిషిని తోసుకునే పోతుంది.

బోను సంగతికి వస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగుబంటి పులితో పాటు అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఎవరు అడిగితే వారికి పట్టి ఇచ్చేది కాదు. పట్టుకుపోయినా గుట్ట కింద మనం పారేసిన బిర్యానీ ప్యాకెట్లు, అరటిపండ్లు, కొబ్బరి చిప్పలు అట్లాగే ఉంటే ఇంకొకటి వస్తుంది. చెత్త డబ్బాలకు మూతలు లేవు, ఉన్నవి పొద్దుగూకేలోపు ఖాళీ కావు. వేసవిలో జంతువులు తాగే పళ్లెం లాంటి నీటి గుంటలు, అదే సాసర్ పిట్లు, నింపేది కూడా లోపలి అడవిలో నింపితే, నీళ్ల కోసం బోరు తొట్ల దాకా రావాల్సిన పని తగ్గుతుంది. పందులకని చేనుకు కరెంటు తీగ కట్టేవాళ్లకు వేరే చెప్పాలి. ఆ తీగ పందినీ ఎలుగునీ మనిషినీ వేరుచేసి చూడదు.

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూర్ దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపుతున్నారు. మొదట్లో అందరూ గొణిగారు, ఇప్పుడు అలవాటైంది. గుట్ట కాలిదారులకూ అదే టైము పెడితే తప్పేమిటి? ఆరు తర్వాత, గుంపుగా, కుదిరితే కూలి ఇచ్చి ఒక చెంచు యువకుణ్ణి తోడు తీసుకుని ఎక్కమనండి. సూర్యోదయం రీల్ పోతుంది, నిజమే.

సలేశ్వరం జాతర జరిగే చైత్ర పౌర్ణమి దగ్గరపడుతోంది. జింక బొమ్మతో "వన్యప్రాణులను కాపాడండి" అనే బోర్డులు చాలానే ఉన్నాయి. ఎలుగు ఎదురైతే ఏం చేయాలో, ఏం చేయకూడదో పెద్ద అక్షరాల్లో చెప్పే బోర్డు నా కంట పడలేదు. జాతరకు ముందే సంబంధిత అధికారులు స్థలం చూపిస్తే, రాయించే ఖర్చు మా ఆటోస్టాండు వాళ్లం వేసుకుంటాం.

ఇట్లు,
ఒక ఆటో డ్రైవర్,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా