ముళ్లకంచె లోపలి జపనీస్ కవిత్వం

సంపాదకులకు నమస్కారం.

1942లో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతివాళ్లను నిర్బంధ శిబిరాల్లోకి తరలించడం మొదలుపెట్టింది. మొత్తం దాదాపు 1,20,000 మంది. అక్కడ వాళ్లు జపనీస్‌లో రాసుకున్న కథలు, హైకూలను తెలుగు చేసేవాళ్లు ఇంగ్లీషు మీదుగా వెళ్లొద్దని మా మనవి.

ముందు మూలప్రతి నిలవాలి. కాలిఫోర్నియాలోని టూలీ లేక్ శిబిరంలో 1944-45లో వచ్చిన పత్రిక 'తెస్సకు' (ఇనుప కంచె). మైనపు కాగితం మీద ఇనుపమొనతో రాసి సైక్లోస్టైల్ తీసేవారు. అప్పటి చవక కాగితం ఆమ్లంతో పసుపెక్కి, మడతల దగ్గర విరుగుతుంది. టేపు అంటిస్తే జిగురు ఇంకి అక్షరం మాసిపోతుంది, లామినేషన్ అసలే వద్దు. తుప్పుపిన్నులు తీసి ఆమ్లం లేని కవర్లలో ఉంచాలి. స్కానింగ్ 400 డీపీఐలో, కలర్‌లోనే చేయాలి. నలుపు-తెలుపులో సన్నగీతలు ఎగిరిపోయి ఒక అక్షరం మరొకటవుతుంది. వెనకపేజీ సిరా కనిపిస్తుంటే కింద నల్లకాగితం పెడితే సరి. పేజీలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, వరస తిరగబడకుండా చూసుకోవాలి.

చదవడమూ తేలిక కాదు. అది 1946 సంస్కరణలకు ముందటి లిపి. సీతాకోకచిలుకను 'తెఫుతెఫు' అని రాసి 'చోచో' అని పలుకుతారు. ఓసీఆర్ (స్కాన్‌లోని అక్షరాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్) ఇక్కడే తడబడుతుంది. ఒకే కలంపేరును రెండుమూడు రకాలుగా చదవొచ్చు. ఊహించి రాస్తే ఆ తప్పే కేటలాగుల్లో పాతుకుపోతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడో గొప్ప వెసులుబాటు ఉంది. హైకూ మూడు భాగాల్లోని 5-7-5 లెక్క ఇంగ్లీషు సిలబుల్స్‌ది కాదు, మన మాత్రలకు దగ్గరిది. 'తెస్సకు'లో ద్విత్వం ముందున్న 'తె' గురువు, రెండు మాత్రలు, తక్కినవి ఒక్కొక్కటి. వెరసి నాలుగు. జపనీస్ లెక్కా నాలుగే. 'టోక్యో' కూడా అంతే. ఛందస్సు తెలిసిన చెవికి నేరుగా అందే ఈ లయ ఇంగ్లీషు మీదుగా వస్తే దారిలోనే పోతుంది. అలాగని తెలుగులోనూ పదిహేడు మాత్రలే ఉండాలని పట్టుబట్టొద్దు. విరుపు నిలిస్తే చాలు. శిబిరాల్లో రాసిన కైకో (స్వేచ్ఛా హైకూ) కవులు ఆ లెక్కనూ, ఋతువును సూచించే ఋతుపదాన్నీ కావాలనే వదిలేశారు. వాళ్ల కవితల్ని మళ్లీ 5-7-5లో ఇరికించడం అన్యాయం.

మీ సాహిత్యపేజీలో ఇలాంటివి వేసినప్పుడు శిబిరం పేరు, సంవత్సరం, వీలైతే జపనీస్ మూలం పక్కనే ఇవ్వండి. ఆనాటి అధికారుల మాట 'పునరావాస కేంద్రం'. దయచేసి 'నిర్బంధ శిబిరం' అనే రాయండి.

— జపనీస్ సాహిత్య పాఠకులు, హైదరాబాద్