సభ్యులకు వార్షిక నివేదిక 2025–26: సబ్సిడీ కన్నా మొదటి ఆర్డరు ముఖ్యం

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన చిన్న పరిశ్రమల సంఘం కమిటీ మీటింగుల్లో ఈ ఏడాది ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఒకే విషయం. మన విజయవాడ ఆటోనగర్ షెడ్లలో కొత్త వస్తువు తయారుచేసేవాళ్లకు కొదవ లేదు. దాన్ని మొదటిసారి నమ్మి కొనేవాళ్లే కరువు. ప్రభుత్వం చేయగల పెద్ద సాయం అక్కడే ఉందని కమిటీ గట్టిగా నమ్ముతోంది.

మన యువ సభ్యుడొకరు రొయ్యల చెరువుల కోసం ఒక పరికరం చేశారు. రాత్రిపూట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు చచ్చిపోతాయి. కైకలూరు వైపు ఏ రైతునడిగినా ఈ టెన్షన్ ఏంటో చెబుతారు. కరెంటు పోయినా, ఒక్క ఫేజ్ పోయినా ఈ పెట్టె వెంటనే రైతు ఫోనుకు కాల్ చేస్తుంది. మొదట్లో చెరువుగట్టు తేమకు బోర్డులు పాడయ్యాయి. బోర్డు మీద పూత వేసి, వైర్లు లోపలికి వెళ్లేచోట రబ్బరు గ్లాండ్లు బిగించాక నిలబడ్డాయి. రైతులు మెచ్చుకున్నారు. తీరా ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ టెండరుకు వెళ్తే మూడేళ్ల టర్నోవర్ చూపించమన్నారు. కొత్తగా పెట్టిన కంపెనీ అది ఎక్కడినుంచి తెస్తుంది?

నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు సరిపోతే స్టార్టప్‌లకు పాత అనుభవం, టర్నోవర్ షరతులు సడలించే వీలు 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమాల్లోనే ఉంది. కానీ అది టెండరు తయారుచేసే అధికారి ఇష్టం మీద ఆధారపడింది. సడలింపును టెండరు కాగితంలోనే రాయాలని కోరుతూ మన సంఘం తరఫున జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా వినతిపత్రం పంపాం. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. అందులో కొత్త వస్తువులకు విడిగా వాటా ఉండాలన్నది మా రెండో కోరిక.

ఇది జరగని పనేమీ కాదు. 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ మన పల్లెల దుమ్ముకు, ఎండకు తట్టుకుని, ఏసీ లేకుండా పనిచేసే టెలిఫోన్ ఎక్స్చేంజిని ఇక్కడే రూపొందించింది. ఆ టెక్నాలజీని మన కంపెనీలకే ఇచ్చారు. టెలికాం శాఖ కొంది. డిజైను, తయారీ, కొనుగోలు మూడూ కలిసొచ్చాయి కాబట్టే ఊరూరా ఫోన్ మోగింది.

పరిశోధన కోసం 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల నిధిని ఆమోదించింది. మన దేశం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతమే, దక్షిణ కొరియాలో అది 5 శాతం దాకా ఉంది కాబట్టి ఈ నిధిని స్వాగతిస్తున్నాం. అయితే దాని రూపం చూస్తే పెద్ద ప్రాజెక్టులకు సరిపోతుంది కానీ మన షెడ్ల దాకా వస్తుందని అనుకోవడం లేదు. మనకు కావలసింది దగ్గర్లో టెస్టింగ్ ల్యాబ్. ప్రతి సర్టిఫికెట్‌కూ హైదరాబాదో, చెన్నయ్యో, పుణెయో పంపడంలోనే లాభం కరిగిపోతోంది. మంగళగిరిలో 2025 ఆగస్టులో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌లో ఈ సౌకర్యం పెంచాలని అడగబోతున్నాం.

పేటెంట్లపై ఒక సాయంత్రం అవగాహన సదస్సు పెట్టాం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు పెద్ద కంపెనీలకు 8,000 రూపాయలైతే స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 1,600 మాత్రమేనని చాలామందికి అక్కడే తెలిసింది.

ఇక బకాయిలు. అందరి మనసులో ఉన్నది ఇదే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల 2006 చట్టం ప్రకారం మన సరుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే ఇవ్వాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి గడువులోపు చెల్లించని కంపెనీలకు, నిజంగా డబ్బు కట్టేదాకా ఆదాయపు పన్నులో ఆ ఖర్చు చూపించుకునే వీలు లేకుండా పోయింది. ప్రైవేటు కొనుగోలుదారుల్లో కదలిక వచ్చింది. ప్రభుత్వ శాఖలకు ఆదాయపు పన్నే లేదు కాబట్టి వాటికి ఈ సెగ తగలదు. మన సభ్యుల దగ్గర పాత బిల్లులు అక్కడే ఆగాయి. చేతిలో పెట్టుబడి ఆగిపోయినవాడు కొత్త వస్తువు మీద ప్రయోగం ఎలా చేస్తాడు? ఫిర్యాదు చేస్తే వచ్చే ఆర్డరు కూడా పోతుందన్న భయం ఉంది, అది మాకు తెలుసు. అందుకే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు దరఖాస్తు నింపడానికి, బకాయి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు హాజరవడానికి సంఘం మీ వెంట ఉంటుంది.

బకాయిలున్న సభ్యులు ఇన్‌వాయిస్, డెలివరీ చలానా, ఉద్యం (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) సర్టిఫికెట్ కాపీలు ఈ నెలాఖరులోగా సంఘం ఆఫీసులో ఇవ్వండి. ఉద్యం రిజిస్ట్రేషన్ లేనివారు సరుకు పంపకముందే చేయించుకోండి, హెల్ప్ డెస్క్‌లో ఉచితంగా చేస్తాం. ఆడిట్ అయిన జమాఖర్చుల కాపీ కూడా అక్కడే దొరుకుతుంది.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున