పై తరగతి సీటు ఒక్కరికే వస్తే

సంపాదకులకు,

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు కుటుంబాలు భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో చేరి, అక్కడినుంచి పెద్దవారిని వెంటబెట్టుకొని విదేశాలకు విమానంలో వెళ్లడం ఇప్పుడు మామూలైంది. సాధారణ తరగతిలో ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్ముడైనప్పుడు విమాన సంస్థలు కొందరిని, ముఖ్యంగా తరచూ ప్రయాణించేవారిని, అదనపు రుసుము లేకుండానే బిజినెస్ తరగతికి మారుస్తుంటాయి. ఆ అవకాశం ఒక్కరికే దక్కినప్పుడు తోటివారిని అడగకుండా ఒప్పుకోవడం మర్యాద కాదని నా గట్టి అభిప్రాయం. తెలుగు, ఒడియా తప్ప మరో భాష రాని తల్లిదండ్రులను రాత్రంతా వెనుక వరుసలో విడిచి, కొడుకు తెరకు అవతల కాళ్లు చాపుకొని పడుకోవడం ఎంతమాత్రం తగదు. మన పెద్దలు మొహమాటానికి ‘పరవాలేదు, నువ్వు వెళ్లు నాయనా’ అంటారు. వేళకు మందులిచ్చేదెవరో, సిబ్బందితో మాట్లాడేదెవరో తేలకుండా ఆ మాటను అనుమతిగా తీసుకోరాదు. సమవయస్కులైన స్నేహితుల మధ్య ఇంత పట్టింపు అక్కరలేదు. ఆ సీటు మోకాళ్ల నొప్పులున్న తల్లికి ఇప్పించదలిస్తే చెక్-ఇన్ కౌంటరు వద్దనే అడగాలి. బోర్డింగ్ పాస్ ఎవరి పేరున ఉంటే వారికే చెల్లుతుంది, విమానంలోకి వెళ్లాక సిబ్బంది అనుమతి లేనిదే సీట్లు మార్చుకోకూడదు. ఒకే బుకింగులో ఉన్నవారిని విడదీసే ముందు ఆ సంగతి అందరికీ చెప్పాలని విమాన సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా