పిల్లల కంటి పరీక్షను వాట్సాప్ లింకుతో సరిపెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు చదివే ప్రైవేటు స్కూల్లో ఏటా జరిగే కంటి పరీక్ష ఈసారి జరగలేదు. బదులుగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి ఒక లింకు వచ్చింది. ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరంలో పెట్టి పిల్లలచేత అక్షరాలు చదివించాలట, వచ్చిన స్కోరును ఫారంలో నింపి వారంలోగా పంపాలట. స్కూలు పేరు రాయడం నా ఉద్దేశం కాదు. మా చెన్నైలోనే విల్లివాక్కం, కొళత్తూరు వైపు తెలిసినవాళ్లను వాకబు చేస్తే తమ పిల్లల స్కూళ్లలోనూ ఇదే వరస అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మా దగ్గర కంటి పరీక్ష అంటే మామూలు టెన్షన్ కాదు. డ్రైవర్లకు తప్పనిసరైన ఏ-వన్ అనే మెడికల్ కేటగిరీ పోయిందంటే ఇంజిన్ ఎక్కనివ్వరు. అందుకని ముందువాడు చదువుతుంటే వెనక నిలబడ్డవాళ్లు చివరి వరస బట్టీ పట్టేవాళ్లు. పరీక్ష చేసే ఆయనకు ఈ సంగతి బాగా తెలుసు. చార్టు మార్చేవాడు, వరసను కుడి నుంచి ఎడమకు చదవమనేవాడు, వేళ్ల సందులోంచి చూస్తారని కన్ను మూసే అట్టముక్కను తానే పట్టుకునేవాడు. అంత అనుభవం ఉన్న మనిషి ఎదురుగా ఉన్నా మోసాలు జరిగేవి. ఇక ఇంట్లో అమ్మానాన్నలు ఆఫీసులో ఉంటే నానమ్మ ఫోన్ పట్టుకుని ‘కనిపిస్తోందా బంగారం?’ అని అడుగుతుంది. పిల్ల ‘ఆ’ అంటుంది. పిల్లలకిదో ఆట, గెలవాలనే చూస్తారు. రెండు కళ్లతో చదివిన అక్షరాలనే రెండోసారి ఒక కన్ను మూసుకుని అప్పజెప్పేస్తారు.

ఒక కన్ను మూసి చూడడం ఎందుకంత ముఖ్యమో స్కూలు పంపిన ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. ఒక కంటికి చూపు తక్కువైన పిల్ల ఎప్పుడూ ఫిర్యాదు చేయదు, మంచి కన్నే మొత్తం పని చేసేస్తుంది కాబట్టి. మెదడు మెల్లగా రెండో కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దీన్నే లేజీ ఐ అంటారు. అద్దాలిచ్చి, మంచి కంటికి కొన్ని గంటలు ప్యాచ్ కట్టి బలహీనమైన కంటికి పని చెబితే చూపు తిరిగి వస్తుంది. అయితే ఏడెనిమిదేళ్ల లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. ఫారంలో ‘బాగుంది’ అని ఒక్క టిక్కు పెడితే ఆ పిల్లకు ఆ ఏడాది వృథా అయిపోయినట్టే.

దూరం సంగతి ఇంకా విచిత్రం. డాక్టర్లు చార్టును ఆరు మీటర్ల దూరంలో పెడతారు, గది చిన్నదైతే అద్దంలో చూపిస్తారు. చూపు సరిగ్గా ఉందని చెప్పే 6/6లో మొదటి ఆరు ఆ దూరమే. అక్కడ 6/6 వరసలో అక్షరం ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 40 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ మీద చూపాలంటే అర మిల్లీమీటరు పైచిలుకు సరిపోతుంది. లెక్కకు రెండూ ఒకటే, పిల్లల కళ్లకు మాత్రం కాదు. మైనస్ 2 పవర్ ఉన్న పిల్లకు అర మీటరు దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది, మసక ఆ తర్వాతే మొదలవుతుంది. అంటే చేతిలో ఫోన్ ఉన్నంతసేపూ ఫుల్ మార్కులు, క్లాసులో బోర్డు చూస్తే అలికినట్టు. బడిపిల్లల్లో ముఖ్యంగా వెతకాల్సిన లోపాన్నే ఈ పరీక్ష పట్టుకోలేదు! ప్లస్ పవర్ పిల్లలైతే కళ్లను బిగబట్టి ఏదోలా చదివేస్తారు, ఆసుపత్రిలో చుక్కల మందు వేస్తే గానీ అసలు సంగతి బయటపడదు.

సొంతంగా టిక్కులు పెట్టే ఫారాల గతి మనకు కొత్త కాదు. డ్రైవింగ్ లైసెన్సు ఫారం 1లో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు కనబడుతుందా అనే ప్రశ్న ఉంటుంది. వీధిలోకి వెళ్లి పాతిక మీటర్లు కొలిచి, చూసి జవాబు రాసినవాళ్లు ఎవరైనా మీకు తగిలారా? నాకు తగల్లేదు.

అలాగని ఫోన్‌ను అవతల పారేయమనడం లేదు. మంచి యాప్‌లు బ్యాంకు కార్డును తెర మీద ఆనించి అక్షరం సైజు సరిచూసుకుంటాయి, రెండు మూడు మీటర్ల దూరంలో మరొకరిని ఫోన్ పట్టుకోమంటాయి. అక్షరాలకు బదులు ఇంగ్లీషు ‘ఇ’ని నాలుగు వైపులా తిప్పి చూపించే యాప్‌లున్నాయి. దాని కాళ్లు ఎటున్నాయో వేలితో చూపిస్తే చాలు, తెలుగు, తమిళం, ఇంగ్లీషు గొడవే ఉండదు. కెన్యాలో 50 స్కూళ్లలో పీక్ అనే యాప్‌ను పరీక్షించి చూశారు. ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. అక్కడ పరీక్ష చేసింది తల్లిదండ్రులు కాదు, శిక్షణ పొందిన టీచర్లు. చూపు తక్కువని తేలిన పిల్లల్లో ఆసుపత్రి గడప తొక్కినవాళ్లు మామూలు చార్టు వాడిన స్కూళ్లలో 22 శాతం, యాప్ వాడిన స్కూళ్లలో 54 శాతం. అది యాప్‌లోని బొమ్మల మహిమ అని నేను అనుకోను. మీ పిల్లకు లోకం ఇలా కనబడుతోంది అని మసక ఫోటో ఒకటి ఇంటికి పంపారు, ఆసుపత్రికి వెళ్లమని మెసేజ్‌లు పెడుతూ వెంటపడ్డారు. మా స్కూలు పంపిన లింకులో ఆ వెంటపడడమే లేదు. స్కోరు తక్కువొస్తే ఏం చేయాలో కూడా రాయలేదు.

పెద్దవాళ్లకూ ఒక మాట చెప్పాలి. ఫోన్‌లో 6/6 వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. గ్లకోమాలో (నీటికాసుల జబ్బులో) చూపు పక్కల నుంచి తరిగిపోతుంది, నడిమి చూపు చివరిదాకా నిక్షేపంగా ఉంటుంది. షుగర్ వల్ల రెటీనా, అంటే కంటి వెనక పొర, దెబ్బతినడమూ మొదట్లో తెలియదు. కంటి ప్రెజర్‌నీ, రెటీనానీ ఏ చార్టూ చూడలేదు. 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఎగ్మోర్‌లోనే ఉంది, వెళ్లండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లకు ఆరోగ్య బృందాలు వెళ్తాయి, చూపు కూడా పరీక్షిస్తాయి. ఫీజులు కట్టే ప్రైవేటు స్కూళ్ల పిల్లలు ఇందులోకి రారు. వాళ్ల బాధ్యత స్కూలు యాజమాన్యానిదే కావాలి. ఏటా ప్రతి పిల్లకు, ఒక్కో కంటికి విడివిడిగా, అద్దాల పవర్ తేల్చే రిఫ్రాక్షనిస్టు గానీ శిక్షణ పొందిన టీచరు గానీ స్కూల్లోనే పరీక్ష చేయాలనీ, లోపం తేలిన పిల్లలు డాక్టరుకు చూపించుకున్నారో లేదో స్కూలు నమోదు చేయాలనీ విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. టీచర్లు ఫోన్ యాప్ వాడతామంటే వాడనివ్వండి, ఆ ఫోన్ మాత్రం స్కూలు చేతిలో ఉండాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఇది జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై