మా తమ్ముడికి సరిపడే మీటింగు చూపించిన వారందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడి కోసం గుంటూరులోనూ విజయవాడలోనూ ఫోన్లు చేసినవాళ్లకు, కబురు పంపినవాళ్లకు, స్వయంగా వెంట నడిచినవాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. కానీ మీ పేర్లు రాయలేను. తాగుడు మానాలనుకునేవారు మీటింగులు పెట్టుకుని ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం మీది, ఆల్కహాలిక్స్ అనానిమస్. దాని సభ్యుల పేర్లు నలుగురిలో ప్రకటించకూడదన్నది మీరు నిష్ఠగా పాటించే నియమం. అందుకే పేర్లు లేకుండానే ఈ నాలుగు మాటలు. తమ్ముడు చదివి సరేనన్నాకే పెడుతున్నాను.

వాడు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. సీజన్‌లో టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు, రైతుల లెక్కలు ముగించుకుని బయటపడేసరికి చీకటి పడుతుంది. ఆ బయటపడే వేళే వాడికి గండం. ఏళ్ల తరబడి అలాగే సాగింది. ఒక రోజు వాడే మా మరదలితో 'ఇక తాగుడు మానేస్తాను' అన్నాడు. ఆ రాత్రే మానిపించాలని ఇంట్లో అందరూ ఆత్రపడ్డారు.

మొదటి కృతజ్ఞత ఇక్కడే చెప్పాలి. మత్తు అలవాటు మానాలనుకునేవారికి సాయపడే 14446 నంబరుకు ఫోన్ చేస్తే అవతల మాట్లాడిన అమ్మాయి, రోజూ బాగా తాగేవాడు ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదకు వస్తుందని, ముందు వైద్యుడికి చూపించమని గట్టిగా చెప్పింది. పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో డాక్టరమ్మ అదే మాట విడమరిచి చెప్పారు. మొదట చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరు లేనివి కనబడుతున్నాయని కేకలు పెడతారు. అందుకే వాడిని చేర్చుకుని, మందులతో, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో ఆ గడ్డు రోజులు దాటించారు. అమ్మా, వాడిని ఒక్కసారి కూడా 'తాగుబోతు' అనలేదు మీరు. ఆ మర్యాద వాడు మరిచిపోలేదు.

ఇంటికి పంపుతూ, ఏదైనా మీటింగుకు క్రమం తప్పకుండా వెళ్లమన్నారు. ఏ మీటింగుకు వెళ్లాలన్నదే మాకు తెలియలేదు. తెలిసినవాళ్లు మొదట చెప్పిన చోట మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. వాడు మౌనంగా కూర్చుని వచ్చేశాడు. ఇంటికి దగ్గరలో ఉన్నదానికి వెళ్దామంటే, యార్డువాళ్లెవరైనా చూస్తారని భయం. ఆదివారం ఉదయం పెట్టేది ఇంకొకటి ఉంది. కానీ ఆదివారం ఉదయం వాడికి మందు మీదకు మనసు పోయే వేళ కాదు.

అప్పుడు ఫోన్ చేశారు విజయవాడ మాస్టారు. అలాగే పిలుస్తున్నాను, ఏమనుకోకండి. చిరునామా చెప్పి పెట్టేయకుండా మమ్మల్నే ప్రశ్నలడిగారు. మందు మీదకు మనసు పోయేది ఏ వేళకు? మనసులో మాట ఏ భాషలో వస్తుంది? ఎవరి కంట పడతానని భయం? వెంట ఎవరు వస్తారు? అన్నీ విని, విజయవాడలో సాయంత్రం పూట తెలుగులో జరిగే మీటింగు చెప్పారు. 'రోజూ ఆ దుకాణం వైపు నడిచే సమయానికి బస్సులో ఉంటావు నాయనా, మంగళగిరి దాటేసరికి సగం గండం గడుస్తుంది' అన్నారు. దూరాన్నే మందుగా మార్చిన ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురమే.

చెప్పి ఊరుకోలేదు ఆయన. మొదటి రోజు పండిట్ నెహ్రూ బస్టాండులో, గుంటూరు బస్సులు ఆగేచోట, చంకలో మడిచిన పేపరుతో నిలబడి ఉన్నారు. బయటివాళ్లనూ రానిచ్చే ఓపెన్ మీటింగు కాబట్టి నన్నూ లోపలికి రమ్మన్నారు. క్లోజ్డ్ మీటింగులైతే తాగుడు మానాలనుకునేవారికి మాత్రమేనట. ఒక్కొక్కరే పేరు చెప్పుకుని తమ కథ చెబుతున్నారు. తమ్ముడి వంతు వచ్చింది. గ్లాసులో టీ తొణికిపోతోంది. 'వినడానికే వచ్చాను' అన్నాడు. అందరూ 'మంచిది, వినండి' అన్నారు, అంతే. ఎవరూ బలవంతపెట్టలేదు, నీతులు చెప్పలేదు. నలుగురి మధ్య వాడు తలెత్తి కూర్చోగా చూసి ఎంతకాలమైందో!

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు 1935 నాటి సంగతి చెప్పారు. న్యూయార్కు నుంచి పని మీద అమెరికాలోనే ఆక్రన్ అనే ఊరికి వచ్చిన బిల్ అనే ఆయన, తాగుడు మానేసి కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడింది. హోటల్లో పక్కనే బారు. అక్కడికి వెళ్లకుండా, తనలాంటి మరో తాగుడు బాధితుడి ఆచూకీ కోసం ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు బాబ్ అనే శస్త్రవైద్యుడు. వాళ్లిద్దరితో మొదలైందట ఇదంతా. 'కాబట్టి నేను నీకేదో ఉపకారం చేస్తున్నాననుకోకు. నువ్వు వస్తే నేనూ నిలబడతాను' అన్నారు. ఆ మాటకే తమ్ముడు మళ్లీ వెళ్లాడని నా నమ్మకం.

కృతజ్ఞతగా కొంత డబ్బు ఇవ్వబోతే చేతులు అడ్డం పెట్టారు. ఫీజు లేదు, బయటివారి విరాళాలు తీసుకోరు, సభ్యులే తమకు తోచినంత వేసుకుని గది అద్దె, టీ ఖర్చు చూసుకుంటారు. డబ్బు తీసుకోరు కనుక మాటగానైనా ఈ రుణం చెప్పుకోవాలి.

ఇంకొకరున్నారు. మా మరదలికి అల్‌అనాన్ గురించి చెప్పిన అక్కయ్య. తాగేవారి ఇంటివాళ్ల కోసం 1951 నుంచి విడిగా నడుస్తున్న సంఘం అది. తన భర్త సీసాలు వెతకడం, జేబులు తడమడం మానేశానని మరదలు మొన్న నాతో అంది. ఆమె కూడా మనిషేనని గుర్తుపెట్టుకున్నందుకు మీకు నమస్కారం అక్కయ్యా.

తమ్ముడు వెళ్తూనే ఉన్నాడు. ఎన్నాళ్లైందని అడగకండి, 'ఈ ఒక్క రోజు' అన్నదే వాడి లెక్క. యార్డులో పని అలాగే ఉంది, సాయంత్రాలే మారాయి.

గుంటూరులో ఇలాంటి కష్టంలో ఉన్న ఇల్లాలు, తల్లి, అక్క ఎవరైనా, 14446కు ఫోన్ చేయండి. మనసు బాగా కుంగిపోతే 14416 కూడా ఉంది. మీటింగు దొరికినా మొదటి రోజు ఒంటరిగా గడప తొక్కడానికి బెదురు ఉంటే నాకు చెప్పండి. ఓపెన్ మీటింగైతే మీతోపాటు బస్సెక్కి వస్తాను.